ఊటీల తీసిన పిట్ట ఫోటో, రెండు పేర్లు ఎందుకొస్తున్నయ్?

కాజీపేట కెమెరా:
అన్నలు నమస్తే. ఏప్రిల్‌ల ఇంటోళ్లతోని ఊటీ పోయినం, పొద్దుగాల ఆరింటికి లాడ్జి ఎనక వాగు కాడ చలికి వణుక్కుంట నిలబడితే, చెట్ల కింది చీకట్లకెళ్లి ఒక పిట్ట దుంకుకుంట వచ్చి కుళ్లిన మొద్దు మీద కూసున్నది. పిచ్చుక కన్న జర పెద్దది, తల, రొమ్ము పలక రంగు నీలం, పొట్ట నడుమ తెలుపు, పక్కలకు ఇటుక రంగు, కాళ్లు సన్నగ పొడుగ్గ. మా బాబాయ్ పాత పుస్తకంల షార్ట్‌వింగ్ అని ఉన్నది, ఫోన్ యాప్ ఏమో నీలగిరి షోలాకిలి అంటున్నది. కిలి అంటే చిలక కదా, ఇది చిలకైతే కాదు. ఏది కరెక్టు?

పాకాల పిట్టలోడు:
రెండూ ఒకటే తమ్మీ, పుస్తకం పాతది. మలయాళంల ఏ పిట్టయినా కిళే. షోలా అంటే ఆ కొండల మడతల్ల, గడ్డి నడుమ ముక్కలు ముక్కలుగ ఉండే పొట్టి చెట్ల అడవి. దీనికి మొదలు శాస్త్రం పేరు పెట్టింది జెర్డాన్, మన కలివికోడిని బయటి లోకానికి చూపెట్టిన డాక్టర్ ఆయననే. తర్వాత దీన్ని షార్ట్‌వింగులనే వేరే పిట్టల గుంపుల కలిపిండ్రు. 2017ల తిరుపతి ఐసర్ (సైన్స్ సదువుల సంస్థ) రాబిన్ గారి టీమ్ డీఎన్‌ఏ చూస్తె, ఇది నీలి ఫ్లైక్యాచర్లకు (ఈగలు, పురుగులు పట్టే పిట్టలు) దగ్గరి చుట్టమని తేలి షోలికోలా అని కొత్త జీనస్సే (దగ్గరి జాతుల గుంపు) పెట్టిండ్రు. పడమటి కనుమల నడుమ కేరళల ఉన్న పాల్ఘాట్ సందుకు అవతల, దక్షిణం దిక్కు ఉన్నది వేరే జాతి, దానికి పక్కల ఇటుక రంగుండదు. నీది నీలగిరిదే, డౌట్ లేదు.

హన్మకొండ చాయ్ బ్యాచ్:
పేర్లు మార్చుడే పనా వీళ్లకు, పిట్ట అదే కదా 😄

పాకాల పిట్టలోడు:
గట్లనకు అన్నా. అంతా ఒకటే జాతి అంటే "మస్తుగున్నయ్ తియ్" అంటరు. విడగొడితే ఒక్కోదానికి మిగిలింది నాలుగు కొండలు. ఏ జీవి ఎంత ఆపదల ఉన్నదో లెక్కగట్టే ఐయూసీఎన్ సంస్థ లెక్కల ఇది ఎండేంజర్డ్, అంటే అంతరించే ఆపదల ఉన్నది. తేయాకు, నీలగిరి తైలం చెట్లు, వాటిల్ అనే బయటి దేశపు తుమ్మ జాతి చెట్లు పెట్టి షోలాను ముక్కలు చేసిండ్రు, ఈ పిట్టేమో నీడ వదిలి ఎండలకు రాదు, ఇంకో ముక్కకు ఎట్ల పోతది? ఎండలు ముదిరితె పైకి పోదామంటే నీలగిరుల్ల అన్నిటికన్న ఎత్తు శిఖరం దొడ్డబెట్టనే 2,637 మీటర్లు, ఆపైన ఆకాశమే. అవునుగనీ తమ్మీ, అది అంత దగ్గరికి ఎట్ల వచ్చింది? మామూలుగ పొదల్లకెళ్లి బయటికే రాదు.

కాజీపేట కెమెరా:
లాడ్జిల గైడ్ బ్లూటూత్ స్పీకర్‌ల దాని కూత పెట్టిండు అన్నా. పిలుస్తె వస్తది అన్నడు.

పాకాల పిట్టలోడు:
అది పిలుసుడు కాదురా, కొట్లాటకు రమ్మనుడు. గుడ్లు పెట్టే కాలంల ఇంకో మగ పిట్ట వచ్చిందనుకొని గూడు ఇడిసిపెట్టి ఉరుకొస్తది. ఎన్నిసార్లు పెట్టిచ్చినవ్?

కాజీపేట కెమెరా:
ఫోకస్ కాలేదని ఐదారు సార్లు 😔 అందుకేనేమో మొద్దు మీద అటు ఇటు తిరుక్కుంట స్పీకర్ దిక్కే చూసింది, నేనేమో పోజు ఇస్తున్నదనుకున్న.