మతాచార్యుడు పిల్లల బొమ్మల పుస్తకం ఎందుకు రాశాడు?

ప్రశ్న – ఉపాధ్యాయుడు, దేవరకొండ

తండా బడిలో చిన్న తరగతులకు చెబుతాను. పిల్లల ఇంటి భాష లంబాడీ. నీళ్ల బొమ్మ చూపితే ‘పాణి’ అనేవారు. మొదటి ఏడాది అది తప్పని దిద్దాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఇప్పుడు బొమ్మ కింద రెండు మాటలూ రాస్తున్నాను.

ఈ దారి పట్టాక చెక్ పండితుడు కొమెన్‌స్కీని చదివాను. ఆయన పిల్లల బొమ్మల పుస్తకం ‘ఆర్బిస్ పిక్టస్’ 1658లో న్యూరెంబర్గ్‌లో అచ్చయింది. బొమ్మ, దాని పక్కన లాటిన్, జర్మన్. కాకి, గొర్రెపిల్ల అరుపులతో అక్షరాలు మొదలవుతాయి. అయితే 150 పాఠాల్లో మొదటిది దేవుడు, చివరిది తుది తీర్పు. మా శిక్షణ పుస్తకాలు ఆయన్ని బోధనా పద్ధతి చెప్పినవాడిగానే చూపాయి. ఆయన బిషప్పు కూడా. ఆ విశ్వాసానికీ ఈ పద్ధతికీ సంబంధం ఉందా?

జవాబు – తత్వశాస్త్ర అధ్యాపకురాలు, వనపర్తి

సార్, రెండూ ఒకటే. ప్రాగ్‌లో 1391లో బెత్లెహేం ప్రార్థనా మందిరం కట్టిందే చెక్ భాషలో ప్రసంగాలు వినిపించడానికి. 1402 నుంచి అక్కడ మతసంస్కర్త యాన్ హుస్ ప్రసంగించాడు. మతద్రోహి అని తీర్పు చెప్పి, 1415 జులై 6న కాన్‌స్టాన్స్ నగరంలో ఆయన్ని సజీవ దహనం చేశారు. తరువాత పెత్ర్ హెల్చిట్స్కీ అనే చెక్ మతచింతకుడు వచ్చాడు. నాకు అందరికంటే ఇష్టమైనవాడు ఆయనే. విశ్వాసాన్ని కత్తితో కాపాడలేమన్నాడు. కొందరు ప్రార్థించాలి, కొందరు యుద్ధం చేయాలి, మిగిలినవారు చాకిరీ చేయాలి అన్న విభజన క్రీస్తు మాట కాదన్నాడు. ఆ ఆలోచనల ప్రభావంతోనే 1457లో కున్వాల్డ్ అనే చెక్ ఊళ్లో సోదర సంఘం అనే క్రైస్తవ శాఖ ఏర్పడింది.

కొమెన్‌స్కీ ఆ సంఘపు బిషప్పు. ప్రతి మనిషీ దేవుని ప్రతిరూపమైతే ఆడపిల్లను, పేదను, మందబుద్ధి అనిపించుకున్నవాణ్ని బడి బయట ఎలా నిలబెడతాం? అందుకే ఆయన పన్నెండేళ్ల వరకు తల్లిభాషలో బడి, ఆ తరువాతే లాటిన్ అన్నాడు.

జవాబు – కొల్లాపూర్ నుంచి

అమ్మా, మీరన్నది నిజమే గానీ, ఆయన పోగొట్టుకున్నవి కూడా చెప్పాలి. కృష్ణ ముంపులో ఊరు పోయిన ఇల్లు మాది. నేను ఆయన్ని అక్కడి నుంచే చదువుతాను. 1620లో ప్రాగ్ దగ్గరి తెల్లకొండ యుద్ధంలో చెక్ ప్రొటెస్టెంట్లు కాథలిక్ సేనల చేతిలో ఓడిపోయారు. ప్రొటెస్టెంటైన కొమెన్‌స్కీ అజ్ఞాతంలో ఉండగా ఆయన భార్య, ఇద్దరు పిల్లలు మహమ్మారికి పోయారు. 1628లో దేశం విడిచి పోలండ్‌లోని లెష్నో చేరాడు. 1656లో ఆ ఊరూ తగలబడింది. నలభై ఏళ్లకు పైగా కూర్చుకున్న చెక్ నిఘంటువు రాతప్రతి బూడిదైంది! అప్పటికి ఆయనకు అరవై నాలుగేళ్లు. బొమ్మల పుస్తకం వెలువడింది ఆ తరువాత రెండేళ్లకు. అందరూ కలిసి చదివితే యుద్ధాలు ఆగుతాయన్న నమ్మకాన్ని ఆయన చివరిదాకా వదల్లేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిఘంటువు సంగతి చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. రెండు మాటలూ రాసిన నా బొమ్మల కార్డులు ఒకే ప్రతి ఉన్నాయి; ముందు వాటికి నకళ్లు తీయిస్తాను. సోమవారం కాకి బొమ్మతో మొదలుపెట్టి, ఇంట్లో దాన్ని ఏమంటారో పిల్లల చేతనే ముందు చెప్పిస్తాను.