హిమోగ్లోబిన్ పడిపోతోంది, ఎండోస్కోపీ నార్మల్. క్యాప్సూల్ మింగించాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. ఆరు నెలల్లో రెండుసార్లు హిమోగ్లోబిన్ 6కి పడిపోయి రక్తం ఎక్కించారు. విరేచనం అప్పుడప్పుడు నల్లగా అవుతోంది. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రెండింట్లోనూ ఏమీ లేదన్నారు. ఇప్పుడు కెమెరా క్యాప్సూల్ మింగాలట. బెలూన్ ఎండోస్కోపీ అని ఇంకోటి కూడా చెప్పారు. ఏది ముందు? ఆ మాత్ర లోపలే ఉండిపోతే?

జవాబు (ఎండోస్కోపీ టెక్నీషియన్‌ని): ఏమీ లేదంటే, ఆ గొట్టాలు వెళ్లినంత మేర లేదని. పైనుంచి వెళ్లేది చిన్నపేగు మొదట్లోనే ఆగుతుంది. కిందినుంచి వచ్చేది దాని చివర తొంగిచూస్తుందంతే. చిన్నపేగు సుమారు 20 అడుగులు. అందులో చాలాభాగం ఇంకా ఎవరూ చూడలేదన్నమాట.

మామూలుగా క్యాప్సూలే ముందు. 26 మిల్లీమీటర్ల పొడవు, 11 లావు. 8 గంటలకు పైగా వేల ఫొటోలు తీసి నడుముకు కట్టిన రికార్డర్‌కి పంపుతుంది. నొప్పి ఉండదు. ముందురోజు రాత్రి నుంచి ఉపవాసం. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపమంటారు, పేగు గోడకి నల్లగా పట్టేస్తాయి.

కానీ అది చూస్తుందంతే. పరీక్షకి ముక్క తీయాలన్నా, రక్తం కారుతున్నచోట కాల్చాలన్నా బెలూన్ ఎండోస్కోపీ ఉండాల్సిందే. లంగాకి బొందు ఎక్కించేటప్పుడు గుడ్డ కుచ్చుపడుతుంది చూడండి, గొట్టానికున్న బెలూన్‌ని ఉబ్బించి పట్టు దొరికించుకుని, పేగుని అలా గొట్టం మీదికి కుచ్చుపోస్తూ లోపలికి వెళతారు. మత్తు ఇచ్చి చేస్తారు.

మరొకరు: ఆలస్యం చేయకండి. రక్తం పోతున్నప్పుడో, ఆగిన కొద్దిరోజుల్లోనో మింగిస్తేనే దొరికే అవకాశం ఎక్కువ. మా అమ్మకి డబ్బులు చూసుకుని చేయించేసరికి నెలన్నర పట్టింది, ఏమీ కనపడలేదు. మళ్లీ రక్తం పోయినప్పుడు రెండోసారి మింగిస్తే, ఉబ్బిన సన్న రక్తనాళాలు బయటపడ్డాయి. బెలూన్‌తో వెళ్లి కాల్చారు. ఖర్చు రెండింతలు!

అడిగినవారు: థాంక్సండీ. మోకాళ్ల నొప్పికి నాలుగేళ్లుగా డైక్లోఫెనాక్ వేసుకుంటున్నారు, షాపులో కొనుక్కుని. వచ్చేవారం మోకాలికి ఎంఆర్ఐ కూడా ఉంది. ఇబ్బందేమీ లేదుగా?

టెక్నీషియన్: అయ్యో, అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నారా! ఆ మాత్రలే చిన్నపేగులో పుండ్లు చేస్తాయి. అవి మానేచోట పేగు ఉంగరంలా బిగుసుకుపోవచ్చు. క్యాప్సూల్ ఇరుక్కునేది అలాంటిచోటే. పేగు టీబీ, క్రోన్స్ (పేగు వాచే దీర్ఘకాలిక జబ్బు), కడుపుకి పాత ఆపరేషన్ ఉన్నవాళ్లకీ ఆ భయం ఉంటుంది. ఇరుక్కుంటే బెలూన్‌తోనో ఆపరేషన్‌తోనో తీయాలి. అందుకే డాక్టరుగారికి ఇవాళే చెప్పండి. అనుమానముంటే ముందు కరిగిపోయే డమ్మీ క్యాప్సూల్ ఇచ్చి దారి చూస్తారు. నొప్పి మాత్రకి బదులేమిటో కూడా ఆయన్నే అడగండి.

ఎంఆర్ఐ అంటే పెద్ద అయస్కాంతం, లోపల క్యాప్సూల్ ఉండగా చేయకూడదు. అందుకే క్యాప్సూల్‌కి ముందే చేయించండి, లేదా అది బయటికొచ్చాకే. విరేచనంలో పడటం చూడకపోతే కడుపు ఎక్స్‌రే తీయించాలి.

అడిగినవారు: చెప్పాను. ఎంఆర్ఐ ముందుకు జరిపారు. ముందు డమ్మీ ఇస్తామన్నారు. నాన్నగారు మాత్రం "చిన్న బిళ్ల మానమని, ఇంతింత బిళ్లలు రెండు మింగమంటారేంట్రా" అని గొడవ.