పాత జీఐ జో, హీమాన్ బొమ్మలకి ఇప్పుడు రేటు ఎంత?

ప్రశ్న (కావలి):
అటక మీద రేకుపెట్టెలో చిన్నప్పటి జీఐ జో సైనికుల బొమ్మలు 14, హీమాన్ బొమ్మలు 3 దొరికాయి. తుపాకులు కొన్నే ఉన్నాయి. రెండు జీఐ జోలకి నడుం దగ్గర ఊడి, కాళ్లు విడిగా వచ్చేశాయి. ఒకదాని మీద 1986 అని ఉంది. నెట్‌లో ఎవరో అలాంటిదే 200 డాలర్లకి పెట్టున్నారు. నిజంగా అంత పలుకుద్దా?

జవాబు (ఒంగోలు):
పెట్టిన రేటు చూడబాకండి, పోయిన రేటు చూడండి. నెట్‌లో వస్తువులు అమ్మే ఈబే మన దేశపు సైటుని 2018లోనే మూసేశారు కాబట్టి అమెరికా సైటు ఈబే డాట్ కామ్‌లో బొమ్మ పేరు కొట్టి, ఫిల్టర్లో 'సోల్డ్ ఐటమ్స్' (అమ్ముడైనవి) టిక్ పెట్టండి. రేటు మీద గీత కొట్టి ఉంటే బేరమాడి ఇంకా తక్కువకి కొన్నారని. సీలు తీయని వాటిని వదిలేసి, మీ దానిలాగే ఉన్న అయిదారు తీసుకుని మధ్య రేటు పట్టుకోండి.

1986 అనేది బొమ్మ డిజైన్ మీద కాపీరైట్ సంవత్సరం. బొమ్మ తయారైన ఏడాది కాదు. ఇక్కడ జీఐ జోలు చేసింది మన బొమ్మల కంపెనీ ఫన్‌స్కూల్, అమెరికా కంపెనీ హాస్‌బ్రో లైసెన్సుతో. మూస అదే అయినా చాలావాటికి రంగులు తేడా. వెతికేటప్పుడు 'ఫన్‌స్కూల్' అని కలపకపోతే అమెరికా బొమ్మ రేటు చూసి మురిసిపోతారు. మన హీమాన్‌ని చేసింది లియో కంపెనీ, దానికైతే 'లియో' అని కలపండి. స్కై డైవర్, స్ట్రీట్ హాక్ లాంటి జీఐ జోలు ఫన్‌స్కూల్ మాత్రమే చేసినవి, ఉంటే విడిగా భద్రంగా పెట్టండి.

జవాబు (నెల్లూరు):
నడుం ఊడిందని పారెయ్యబాకండి. లోపలి నల్ల రబ్బరు రింగు ఎండి తెగుంటది, అంతే. వీపు మీద స్క్రూ సన్న స్టార్ స్క్రూడ్రైవర్‌తో తీస్తే ఛాతీ రెండు డిప్పలుగా వస్తది. కొత్త రింగు ఒక కొస కాళ్ల మధ్య కొక్కేనికి, రెండో కొస ఛాతీలో స్క్రూ దిగే గొట్టానికి తగిలించి మూసెయ్యండి. స్క్రూ ఆగినచోట ఆపండి. ఇంకో చుట్టు తిప్పితే ప్లాస్టిక్ మర పోద్ది. కావలి ఉప్పుగాలికి స్క్రూ తుప్పు పట్టుంటే తొందరపడబాకండి, గాడి అరిగితే ఇక రాదు.

ఫోటో కోసం తుపాకి చేతిలో దూర్చబాకండి, పాత బొటనవేలు పుటుక్కున విరుగుద్ది. పక్కన పెట్టి తీస్తే చాలు. హీమాన్‌కి నడుం తిప్పి వదలండి, దానంతటదే వెనక్కి రావాలి. పెట్టెలో కలరా ఉండలుంటే ఈరోజే తీసెయ్యండి, ఆ ఆవిరికి ప్లాస్టిక్ చెడుద్ది.

ప్రశ్న (కావలి):
ఏ తుపాకి ఏ బొమ్మదో తెలియట్లేదన్నా.

జవాబు (ఒంగోలు):
యోజో డాట్ కామ్‌లో (yojoe.com) సంవత్సరం వారీగా జీఐ జో బొమ్మలు, వాటి సామాన్లు ఫోటోలతో ఉంటాయి. ముందు అవి జతపరచండి. అన్నీ కుదిరినవి విడిగా అమ్మండి, మిగతావి ఒకే లాటుగా ఇచ్చెయ్యండి. ఒక్కోటి పంపితే పోస్టు ఖర్చే మింగేస్తది.