కొర్రమట్టకు రబ్బరు ఎర: మెత్తగనా, గట్టిగనా?

పాకాల_గాలం:
ఇంట్ల ప్లాస్టిసాల్ (పీవీసీ పొడి, నూనె కలిసిన ద్రవం) పోసి పురుగు, కప్ప ఎరలు చేసేటోళ్లు గట్టి రకమే మేలంటున్నరు. నేను ఒప్పుకోను. ఆఫ్‌సెట్ గాలంల (మెడ దగ్గర వంపు తిరిగిన గాలం) మొన ఎర ఒంట్లనే దాగి ఉంటది. చేప పట్టినంక గుంజితే ఎర నలగాలె, అప్పుడే మొన బయటికొస్తది. కొర్రమట్ట నోరు అసలే గట్టి. ఎర కూడా గట్టిదైతే గాలం దిగకముందే ఇడిసిపెడ్తది. 100 మి.లీ. మీడియం (మధ్యరకం గట్టిదనం) ప్లాస్టిసాల్‌కు 10 మి.లీ. సాఫ్ట్‌నర్ (మెత్తబరిచే నూనె) పడాల్సిందే.

మానేరు_ఒడ్డు:
ఖాళీ నీళ్లల్ల సరే అన్నా, గుర్రపుడెక్క ఉన్న చెరువుల 10 ఎక్కువ. తల దగ్గర చినిగి ఎర కిందికి జారుతది, మొన బయటపడి నాచు పట్టుకుంటది. ఇగ మన ఎండలు చూడు, మే నెలల 44 డిగ్రీలు. డబ్బాల వంగిన మెత్తటి ఎర వంకరగనే ఉండిపోతది, నీళ్లల్ల గిర్రున తిరిగి దారం మెలిపెడ్తది. ఒంటికి సాఫ్ట్‌నర్ లేకుండ మీడియమే పొయ్యి, తోకకు మాత్రం 10 మి.లీ. కలిపింది పొయ్యి. ముందు తోక పోసి, అది చల్లారకముందే ఒళ్లు పొయ్యాలె. ఆలస్యమైతే అతుకు నిలువది.

రామప్ప_కట్ట:
మీరిద్దరు సాఫ్ట్‌నర్ లెక్కల కొట్లాడుతున్నరు గని, ముందు ఉడుకుడు చూడుండ్రి. పాల లెక్క ఉన్న ప్లాస్టిసాల్ వేడికి ముద్దగట్టి, 175 డిగ్రీల దగ్గర మళ్ల పలచనై తేటగైతది. 150 దగ్గరనే దించితే మబ్బుగ ఉండి, గుంజంగనే తెగుతది. దాన్నే "మెత్తగైంది" అనుకొని గట్టిపరిచే హార్డ్‌నర్ పోస్తరు, బలం మాత్రం రాదు. 200 దాటితే పసుపెక్కుతది, హైడ్రోజన్ క్లోరైడ్ పొగ లేస్తది. బట్ట మాస్క్ దాన్ని ఆపది, యాసిడ్ గ్యాస్ కార్ట్రిడ్జ్ ఉన్నదే పెట్టాలె, ఆరుబయటనే చెయ్యాలె. వంటకు వాడే గిన్నె, మైక్రోవేవ్ దీనికి ముట్టొద్దు. థర్మామీటర్ గన్ పైపొరనే చూస్తది, కలిపినంకనే కొలువుండ్రి.

ఇంకోటి, సీసా అడుగున పీవీసీ పొడి పేరుకుంటది. బాగ ఊపకుండ వంచితే పైది మరీ మెత్తగ, అడుగుది మరీ గట్టిగ వస్తది. ఒకే సీసాల రెండు రకాలు రావడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

పాకాల_గాలం:
ఉడుకుడు మాట నిజమే. అయినా సరిగ్గ ఉడికినంక కూడా నా ఓటు మెత్తదానికే. ఒళ్లు చినుగుతదంటే 10 బదులు 6 మి.లీ. కలుపు, ఉప్పు మానెయ్యి. ఉప్పు ఎరను ముంచుతది గని తెగే గుణం కూడా పెంచుతది.

మానేరు_ఒడ్డు:
6 అయితే నాకు అభ్యంతరం లేదు, కని కొత్త ప్లాస్టిసాల్‌కే. పాత ఎరలు మళ్ల కరిగిస్తే ప్రతిసారి కొంచెం గట్టిపడ్తయి, వాటికి ఇంకింత పడుతది. పోసిన రోజే నొక్కి చూసి తీర్పు చెప్పొద్దు, ఒక రోజు ఆగాలె. గట్టి ప్లాస్టిక్ డబ్బాల నేరుగ పెడ్తే ఎరల లోపలున్న నూనెకు డబ్బానే కరుగుతది. పాలిథీన్ కవర్ల, సాపుగ పరిచి పెట్టుండ్రి.