నానో పొడి వేస్తే పట్టు రంగు నిలుస్తుందా, ఇంకా తొందరగా వెలుస్తుందా?

అనంతపురం చీరల అంగడి:
మా అంగడికి ధర్మవరం పట్టు వస్తుంది. అద్దాల బీరువాలో పెట్టిన రాణి కలర్ చీర రెండు ఎండాకాలాలు దాటేసరికి పాడవుతోంది. విప్పి చూస్తే లోపలంతా కొత్తగానే ఉంటుంది, మడత మీద మాత్రం గీత గీసినట్టు వెలిసిపోయి ఉంటుంది. ఆ చీర సగం ధరకిస్తామన్నా ఎవరూ తీసుకోరు. పోయిన వారం ఒకాయన వచ్చి నానో టైటానియం అని తెల్ల పొడి చూపించాడు. అద్దకం అయ్యాక పట్టు చిలపల్ని ఈ పొడి కలిపిన నీళ్ళలో ముంచితే రంగును ఎండ ఏమీ చేయలేదంటాడు. మాకు రంగు అద్దే పెద్దాయన వద్దే వద్దంటున్నాడు. తెలిసినవాళ్ళు చెప్పండి, కొనాలా వద్దా?

కడప ఎమ్మెస్సీ:
కొనండన్నా. రంగు అణువు ఒంటరిగా ఉంటే ఎండకు ఆగదు, గట్టి పదార్థానికి పట్టిస్తే ఆగుతుంది. ఒకప్పుడు మా కడప జిల్లాకు నీలిమందు వల్లే పేరు. అదే నీలిని మెక్సికోలో మాయా అనే ప్రాచీన జాతి జనం ఒక రకం బంకమట్టితో కలిపి, వేడి చేసి గోడల మీద బొమ్మలు వేశారు. వెయ్యేళ్ళు దాటినా ఆ నీలం అలాగే ఉంది. ఆ మట్టిలో నానోమీటరు కంటే సన్నని గొట్టాలుంటాయి, నీలి అణువుకు అవే రక్ష. ఇక టైటానియం సంగతంటారా, 1991లో గ్రాట్జెల్, ఓరెగన్ అనే శాస్త్రవేత్తలు చేసిన సోలార్ సెల్‌లో రంగును పట్టించింది టైటానియం డయాక్సైడ్ (నానో టైటానియం అంటే ఇదే) నానో కణాల మీదే. అది రంగును చంపేదే అయితే ఆ సెల్ పనిచేసేదా?

అద్దకం కెమిస్ట్రీ, అనంతపురం:
తమ్ముడూ, నువ్వు చెప్పిన రెండూ నిజమే. కానీ రెండోది నీ వాదనకే అడ్డం తిరుగుతుంది. ఆ సెల్‌లో వెలుతురు పడగానే రంగు అణువు తన ఎలక్ట్రాన్‌ను టైటానియంకు ఇచ్చేస్తుంది. కరెంటు వచ్చేదే అలా. ఎలక్ట్రాన్ పోయిన అణువు నిలవలేదు, అందుకే పక్కనే అయోడైడ్ ద్రావణం ఉంచి వెంటనే ఇంకో ఎలక్ట్రాన్ ఇప్పిస్తారు. చీర మీద అలా ఇచ్చేదేముంది? గాలిలో ఆక్సిజన్ ఉంటుంది, అది ఆ అణువును ముక్కలు చేస్తుంది. అతినీలలోహిత కిరణాలు తగిలితే టైటానియం తనంతట తానే చురుకవుతుంది. అద్దకం నీళ్ళలో మిగిలిన రంగును విరగ్గొట్టడానికి పరిశోధకులు వాడేది కూడా ఈ పొడినే. రంగును తీసేయడానికి వాడేదాన్ని తెచ్చి రంగు నిలవడానికి పూయమంటే నేనెలా ఒప్పుకుంటాను?

ఇది పుస్తకం చూసి చెప్పడం లేదు. నాలుగేళ్ళ కిందట రాణి కలర్ పట్టు పీలికలు రెండు తీసుకున్నాను. ఒకటి మామూలుది, ఇంకోటి ఇలాంటి పొడిలోనే ముంచింది. రెండింటికీ సగం దాకా నల్ల అట్ట కట్టి మిద్దె పిట్టగోడ మీద పెట్టాను. ఏప్రిల్ ఎండ. పన్నెండో రోజు అట్ట విప్పాను. మామూలు పీలిక కాస్త చప్పబడింది. పొడి పూసింది బియ్యం కడిగిన నీళ్ళ రంగుకొచ్చింది, అట్ట కింద మాత్రం రాణి కలర్ నిగనిగలాడుతూ ఉంది. ఆ గీత చూశాక నాకు అనుమానం పోయింది.

కర్నూలు పెయింట్లు:
సార్, గోడ రంగుల్లో తెలుపు కోసం వేసేది టైటానియమే కదా? మరి అవి ఏళ్ళ తరబడి నిలుస్తున్నాయి!

అద్దకం కెమిస్ట్రీ, అనంతపురం:
మంచి ప్రశ్న. బయటి గోడలకు వాడేది రూటైల్ రకం. దాని ప్రతి గింజకూ అల్యూమినా, సిలికా పొర తొడుగుతారు. ఆ పొర సరిగా లేని రంగు వేస్తే కొన్నాళ్ళకు గోడకు చేయి ఆనించగానే తెల్లగా పిండి అంటుతుంది, మీరు చూసే ఉంటారు. అంటే కణం ఏదన్నదే కాదు, కణానికీ రంగుకూ మధ్య ఏముందన్నది చూడాలి.

తమ్ముడు చెప్పిన మాయా నీలం దారి మంచిది. నానో సిలికా, అంటే అతి సన్నని గాజు గింజలు, కూడా అదే చేస్తుంది. రంగు అణువును గాజు గింజ లోపలే బంధిస్తే ఆక్సిజన్ దాని దాకా పోవడం కష్టం. స్టోబర్ పద్ధతి 1968 నుంచే ఉంది, ఆల్కహాల్‌లో అమ్మోనియా సాయంతో ఇలాంటి గింజలు తయారవుతాయి. కాకపోతే పట్టుకు ఒక చిక్కుంది. మామూలు రంగు దారం లోపలికి ఇంకుతుంది, గింజ పైనే కూర్చుంటుంది. అది ఊడకుండా జిగురు వేయాలి, జిగురు వేస్తే పట్టు బిరుసెక్కుతుంది, నిగనిగ తగ్గుతుంది. పట్టును పట్టులా ఉండనివ్వని మందు నాకొద్దు.

కడప ఎమ్మెస్సీ:
ఎలక్ట్రాన్ తిరిగి రాదన్న మాట నాకు తట్టలేదు సార్, ఒప్పుకుంటున్నా. కానీ నానో అంటేనే వద్దనకండి. పట్టులో ఉండే మాంసకృత్తులకు అంటుకునేలా పైపూత మార్చిన సిలికా వస్తే జిగురు అవసరం తగ్గొచ్చు.

అద్దకం కెమిస్ట్రీ, అనంతపురం:
అలాంటిది వస్తే ముందు నేనే పీలిక ముంచుతాను. అంగడి అన్నా, ఆయన్ని రెండు అడగండి: గింజ మీద పొర ఉందా, బ్లూ వుల్ స్కేలు మీద లైట్ ఫాస్ట్‌నెస్ (వెలుతురుకు రంగు ఎంత నిలుస్తుందో చూసే) పరీక్ష కాగితం ఉందా. ఆ స్కేలు 1 నుంచి 8 వరకు ఉంటుంది, 8 అంటే బాగా నిలిచేది. ఈలోగా బీరువా అద్దానికి యూవీ ఫిల్మ్ వేయండి, నెలకోసారి మడత మార్చండి. మామూలు వెలుతురుకూ రాణి కలర్ పోతుంది కాబట్టి ఫిల్మ్ ఒక్కటే చాలదు.

అనంతపురం చీరల అంగడి:
ఫోన్ చేసి అడిగాను. పొర గురించి కంపెనీని కనుక్కుంటానన్నాడు, కాగితం లేదట. శాంపిల్ ప్యాకెట్ మాత్రం ఇచ్చి పోయాడు. మా పెద్దాయనే పీలికలు ముంచాడు. ఈ పొద్దున అట్ట కట్టి మిద్దె మీద పెట్టాం, పన్నెండు రోజులయ్యాక విప్పి ఫోటో ఇక్కడే పెడతాను.