డిసెంబరు 4న ఘంటసాల జయంతి. అదే రోజున పాశ్చాత్య సంగీతంలో ఏం జరిగాయి?

వెన్నెల, విజయవాడ:

మా అపార్ట్‌మెంట్‌లో ఏటా డిసెంబరు 4న ఘంటసాల జయంతి చేస్తాం. పెద్దవాళ్ళు పాడతారు, పులిహోర ఉంటుంది, జనం బాగానే వస్తారు. పిల్లలే రారు. వచ్చినా వెనక కుర్చీల్లో ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. ఈసారి మధ్యలో ఐదు నిమిషాలు నాకిచ్చారు. ఇదే తేదీన బయటి దేశాల పాప్, రాక్ సంగీతంలో ఏం జరిగిందో చెబితే, గిటార్లు తగిలించుకుని తిరిగే మా కుర్రాళ్ళు కాస్త తలెత్తుతారేమోనని ఆశ. వాట్సాప్‌లో తిరిగే 'చరిత్రలో ఈ రోజు' జాబితాలు చూశాను. ఫలానావారు పుట్టారు, ఫలానావారు పోయారు, అంతే. మైకులో చెప్పుకోదగ్గ కథ ఉన్నవి ఏమైనా ఉన్నాయా?

పాత ఆర్కెస్ట్రా గిటార్:

వెన్నెల గారూ, మీ తేదీ మంచి తేదీ. చాలా ఉన్నాయి గానీ నేనైతే రెండే చెబుతాను. ఆ రెండూ ఎవరూ ప్లాన్ చేసినవి కావు, అందుకే రుచి.

మొదటిది 1971. స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున మాంట్రూ అనే ఊరు. అక్కడి కసీనో హాల్లో ఫ్రాంక్ జప్పా అనే అమెరికన్ రాక్ సంగీతకారుడి బృందం కచేరీ. డీప్ పర్పుల్ అనే ఇంగ్లిష్ బ్యాండ్ వాళ్ళు కూడా ఆ ఊళ్ళోనే ఉన్నారు. ఆ కచేరీ అయిపోతే కసీనో చలికాలానికి మూతపడుతుంది, ఖాళీ హాల్లో తమ ఆల్బం రికార్డు చేసుకుందామని రోలింగ్ స్టోన్స్ వాళ్ళ రికార్డింగ్ ట్రక్కు అద్దెకు తెచ్చుకున్నారు. కచేరీ మధ్యలో, సింథసైజర్ సోలో నడుస్తుండగా, జనంలో ఎవడో ఫ్లేర్ గన్ (మంటల సిగ్నల్ వదిలే తుపాకీ) పైకి పేల్చాడు. పైకప్పుకి పేము అల్లిక. ఇంకేముంది, భగ్గుమంది. మాంట్రూ జాజ్ ఉత్సవాన్ని నడిపే క్లాడ్ నాబ్స్ పరుగెత్తి కుర్రాళ్ళను బయటికి లాగాడు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. కసీనో మాత్రం బూడిదైంది, జప్పా వాళ్ళ వాయిద్యాలన్నీ అందులోనే పోయాయి.

డీప్ పర్పుల్ వాళ్ళు హోటల్ కిటికీలోంచి చూస్తుంటే సరస్సు మీద పొగ పరుచుకుంటోంది. కొన్నాళ్ళకు బేస్ గిటారిస్ట్ రోజర్ గ్లోవర్ నిద్రలోంచి లేస్తూ 'స్మోక్ ఆన్ ది వాటర్' అన్నాడట. పాట మొత్తం ఆ రోజు జరిగిన సంగతే. క్లాడ్ పేరు కూడా అందులో ఉంది. తమాషా ఏమిటంటే, ఈ పాట ఇంత ఆడుతుందని వాళ్ళే అనుకోలేదు. 1972లో ఆల్బం వచ్చినప్పుడు ముందు సింగిల్‌గా (విడి రికార్డుగా) వేరే పాట వేశారు. దీన్ని 1973లో వేస్తే అమెరికా పాటల పట్టికలో 4వ స్థానం దాకా వెళ్ళింది.

గిటార్ కొన్న ప్రతివాడూ మొదట పట్టుకునేది ఆ పాట మొదట్లో వచ్చే గిటార్ ముక్కే. పెళ్ళి కచేరీల్లో సౌండ్ చెక్ అంటే మేమూ అదే వాయించేవాళ్ళం. మీ కుర్రాళ్ళకు ఒక చిట్కా చెప్పండి: అందరూ ప్లెక్ట్రమ్‌తో (తీగలు మీటే చిన్న బిళ్ళతో) గీకేస్తారు. డీప్ పర్పుల్ గిటారిస్ట్ రిచీ బ్లాక్‌మోర్ అలా వాయించలేదు. రెండు తీగల్ని ఒకేసారి వేళ్ళతో మీటాడు. అలా వాయించి చూస్తే రెండు స్వరాలూ కలిసి పలుకుతాయి. గీకితే ఒకదాని వెనక ఒకటి పడుతుంది.

రెండోది 1956, అమెరికాలో మెంఫిస్‌లోని సన్ స్టూడియో. కార్ల్ పెర్కిన్స్ అనే గాయకుడి రికార్డింగ్ నడుస్తోంది. పియానో వాయించడానికి జెర్రీ లీ లూయిస్ అనే కుర్రాణ్ణి పెట్టుకున్నారు, ఊరు దాటితే అప్పటికి అతనెవరో తెలియదు. ఎల్విస్ ప్రెస్లీ ఊరికే పలకరించి పోదామని వచ్చాడు. ఏడాది కిందటే స్టూడియో యజమాని శామ్ ఫిలిప్స్ అతని కాంట్రాక్టును ఆర్‌సీఏ అనే రికార్డు కంపెనీకి 35,000 డాలర్లకు అమ్మేశాడు. అయినా మొహమాటాలేం లేవు. జానీ క్యాష్ అనే ఇంకో గాయకుడు కూడా అక్కడే ఉన్నాడు. ఎల్విస్ పియానో ముందు కూర్చున్నాడు, మిగతావాళ్ళు చుట్టూ చేరారు. టేపు తిరుగుతూనే ఉంది. ఫిలిప్స్ ఊరుకుంటాడా? వెంటనే పత్రికవాళ్ళకి ఫోన్ కొట్టాడు. 'మిలియన్ డాలర్ క్వార్టెట్' అన్న పేరు వాళ్ళు పెట్టిందే.

ఆ టేపులో నాకిష్టమైన చోటు ఒకటుంది. లాస్ వేగాస్‌లో ఒక గాయకుడు తన 'డోంట్ బీ క్రూయెల్' పాటను తనకంటే బాగా పాడాడని ఎల్విస్ చెబుతాడు. చెప్పి ఊరుకోడు, అతను ఎలా పాడాడో అచ్చం అలాగే పాడి వినిపిస్తాడు. ఆ గాయకుడు జాకీ విల్సన్. ఎల్విస్‌కి పేరు కూడా తెలియదు. అప్పటికే దేశమంతా ఊగిపోతున్న మనిషి, ఇంకొకడి గొప్ప ఒప్పుకోవడానికి అంత సంబరపడటం చూడండి.

టెనెసీ తెలుగోడు:

ఆ స్టూడియో ఇప్పటికీ ఉందండీ, 706 యూనియన్ అవెన్యూ. టికెట్ కొంటే లోపల తిప్పి చూపిస్తారు. గది మన ఫంక్షన్ హాల్ స్టేజీ అంత కూడా ఉండదు. ఒక మాట జాగ్రత్త. ఆ రోజు తీసిన ఫొటోలో నలుగురున్నారు గానీ టేపులో జానీ క్యాష్ గొంతు స్పష్టంగా వినపడదు. మైకుకి దూరంగా ఉన్నాననీ, ఎల్విస్‌కి సరిపోయేలా పై శ్రుతిలో పాడాననీ ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఫొటో దిగి వెళ్ళిపోయాడనేవాళ్ళూ ఉన్నారు. 'నలుగురూ కలిసి పాడారు' అని మైకులో ఖాయంగా అనకండి. పాడినవి కూడా రాక్ అండ్ రోల్ కంటే చర్చి పాటలే ఎక్కువ.

రాత్రి రేడియో:

1980 డిసెంబరు 4న లెడ్ జెప్లిన్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ వాళ్ళు ఆగిపోతున్నట్టు ప్రకటించారు, అదెందుకు వదిలేశారు? జప్పా పోయింది కూడా డిసెంబరు 4నే, 1993లో.

పాత ఆర్కెస్ట్రా గిటార్:

లెడ్ జెప్లిన్ ప్రకటన అంటే ఒక్క వాక్యం కాగితం. డ్రమ్మర్ బోనమ్ సెప్టెంబరులోనే పోయాడు, అసలు విషాదం అది. జప్పా సంగతి మాత్రం కసీనో కథ చివర ఒక్క ముక్కగా చెప్పొచ్చు.

శ్రోత, విజయనగరం:

ఘంటసాల మాస్టారి రోజున ఎల్విస్ ఎందుకండీ? చౌటపల్లిలో పుట్టి, చదువు కోసం మా ఊరొచ్చి, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర పాట నేర్చుకుంటూ, జోలె పట్టి మధుకరం ఎత్తుకుని తిన్న మనిషి. క్విట్ ఇండియాలో జైలుకెళ్ళారు. ఐదు నిమిషాలకి ఆ కథ చాలదా?

పాత ఆర్కెస్ట్రా గిటార్:

చాలుతుంది సార్. కానీ ఆ కథ ముందు వరుసలో అందరికీ తెలుసు, వెనక వరుసకి చేరడం లేదనే కదా ఈ ప్రశ్న. నేనైతే మాస్టారి వయసుతో కలుపుతాను. మెంఫిస్‌లో టేపు తిరిగిన రోజుకి ఆయనకు సరిగ్గా 34 ఏళ్ళు. మాయాబజార్ ఇంకా విడుదల కాలేదు, మరుసటి మార్చిలో వచ్చింది. సాలూరి వారు నాలుగు బాణీలు కట్టి తప్పుకుంటే మిగతా సంగీతం మాస్టారే పూర్తి చేశారు. మాంట్రూలో కసీనో తగలబడిన రోజు ఆయన 49వ పుట్టినరోజు. అంతకుముందు ఏడాదే పద్మశ్రీ. అదే 1971లో ఆయన కూడా యూరప్, అమెరికాల్లో కచేరీలు చేశారు. మధుకరం సంగతి మీరు చెప్పినట్టే చెబితే కుర్రాళ్ళూ వింటారు.

వెన్నెల, విజయవాడ:

అందరికీ థాంక్స్. ఆ వరసలోనే రాసుకున్నాను, మధుకరంతో మొదలుపెడుతున్నాను. మూడో ఫ్లోర్ కుర్రాడు ఆ గిటార్ ముక్క వేళ్ళతోనే వాయిస్తానన్నాడు. కానీ ఆంప్లిఫయర్ పెడితే పక్క బ్లాకు వాళ్ళు గొడవ చేస్తారని అసోసియేషన్‌లో అప్పుడే టెన్షన్ మొదలైంది.

పాత ఆర్కెస్ట్రా గిటార్:

చిన్న ఆంప్ చాలు, గోడకేసి కాకుండా జనం వైపు తిప్పి పెట్టమనండి. అసలు పాటకీ అదే గొడవ. కసీనో పోయాక ఊళ్ళోనే పెవిలియన్ అనే హాల్లో ఆ ట్రాక్ వాయిస్తుంటే, రాత్రిపూట ఏమిటీ మోత అని పోలీసులొచ్చి తలుపులు బాదారు. టేక్ అయ్యేదాకా బ్యాండ్ మనుషులు తలుపులు తీయలేదు.