ఎడారి దాటొచ్చిన పిట్టలకు రికార్డు పాట వినిపించి ఫోటోలు తీయడం తప్పా?

పొదచాటు: వసంతంలో ఉత్తరానికి తిరిగెళ్లే చిన్న పిట్టలు సహారా దాటి, ఇజ్రాయెల్ దక్షిణ కొసన ఐలాత్ పొదల్లో దిగుతాయి. కొందరు ఫోన్లో మగపిట్ట పాట పెట్టి వాటిని బయటికి రప్పించి ఫోటోలు తీస్తున్నారు. మీరేమంటారు?

లెన్స్‌రాజు: రెండు నిమిషాల పాటకి ఏ పిట్టా చావదండీ.

రింగుచేయి: చావకపోతే నష్టం లేనట్టేనా? ఎడారి దాటేటప్పుడు కొవ్వుతో పాటు కండ కరుగుతుంది, పేగులు కూడా కుంచించుకుపోతాయి. బ్లాక్‌క్యాప్‌లనే చిన్న వలస పిట్టల మీద చేసిన పరిశోధనల్లో తేలింది ఇది. అందుకే దిగగానే ఎంత తిన్నా వెంటనే ఒంటపట్టదు, పేగు కోలుకోవాలి. 20 గ్రాములు కూడా తూగని ప్రాణిని ఆ స్థితిలో, పోటీ మగపిట్ట వచ్చిందని నమ్మించి, లేని శత్రువు మీదికి ఉసిగొల్పుతున్నారు మీరు.

లెన్స్‌రాజు: రెండు నిమిషాలు అన్నాను. ఆ రెండు నిమిషాల్లో ఎన్ని పురుగులు తినేదో లెక్క చెప్పండి.

నీటిచుక్క: మీ వెనకాల వచ్చేవాడూ రెండు నిమిషాలే అంటాడు సార్.

రింగుచేయి: సైప్రస్‌లో దొంగవేటగాళ్లు బ్లాక్‌క్యాప్‌లను వలల్లోకి దించేది కూడా రికార్డు పాటతోనే.

లెన్స్‌రాజు: అంటే నేను వేటగాణ్నా? పోయినసారి ఒక గైడు అందరి ముందూ నన్ను దొంగలా నిలబెట్టాడు. ఆయన సంచిలో స్పీకరు ఉంది, అది ఎవరూ అడగలేదు! మీరు వల వేసి పట్టి, పొట్ట మీది ఈకలు ఊది కొవ్వు చూసి, తూచి, కాలికి గుర్తింపు రింగు తొడుగుతారే, దానికి పిట్ట టెన్షన్ పడదా?

రింగుచేయి: పడుతుంది. కానీ తూచబట్టే ఏ పొదల్లో దిగినవి బరువెక్కుతున్నాయో తెలుస్తోంది. మీ ఫోటో వల్ల ఏం తెలుస్తోంది?

నీటిచుక్క: ఐలాత్‌లో పాత ఉప్పునీటి చిత్తడి నేల చాలావరకు హోటళ్లూ పొలాల కింద పోయింది. ఒకప్పటి చెత్తకుప్ప మీద చెట్లు నాటి పిట్టలకి చోటు చేశారు. దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం?

లెన్స్‌రాజు: ఆగండి, అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. చేతిలో త్రాసుంటే విజ్ఞానం, కెమెరా ఉంటే సరదా. దగ్గరికెళ్లే హక్కు మీ ఒక్కరిదే అన్నమాట.

రింగుచేయి: అవును. శిక్షణ, అనుమతి ఉన్నవాళ్లదే. ఇందులో మొహమాటం ఎందుకు?

లెన్స్‌రాజు: అయితే ఆ చెట్లకి చందాలు కూడా త్రాసున్నవాళ్లనే అడగండి.

పొదచాటు: పాట పెట్టకుండా నీళ్ల దగ్గర దూరంగా కూర్చుని తీస్తే ఇద్దరికీ సమ్మతమేనా?

లెన్స్‌రాజు: ముందు ఆ గైడు స్పీకరు సంగతి తేల్చండి.